సి భాషలో సురక్షితమైన సర్వర్ రచన

కంప్యూటర్ల మధ్య జరిగే ప్రతి సంభాషణలోను అడిగే ప్రోగ్రాము ఒకటి, జవాబు చెప్పే ప్రోగ్రాము ఒకటి ఉంటాయి. మొదటిదానిని క్లయింట్ అనీ, రెండవదానిని సర్వర్ అనీ వ్యవహరిస్తారు. రైలు రిజర్వేషన్లు, బ్యాంకు ఖాతాలు, పరీక్షా ఫలితాలు - వీటన్నిటి వెనుక ఏదో ఒక సర్వర్ రాత్రింబగళ్లు మేల్కొని ఉంటుంది. చిన్న సర్వర్‌ను వ్రాయడం అంత కష్టమైన పని కాదు. సి భాష నేర్చుకొన్న కళాశాల విద్యార్థి దానిని ఒకటి రెండు రోజులలో పూర్తి చేయగలడు. అయితే, ఎవరు ఏమి పంపినా చెక్కుచెదరకుండా నిలిచే సర్వర్‌ను వ్రాయడం వేరు విషయం. ఈ రెండింటికీ మధ్యగల తేడా ఏమిటో తెలుసుకోవడం ప్రతి విద్యార్థికీ అవసరం.

సి భాషను 1970 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెనిస్ రిచీ రూపొందించాడు. 1973లో యూనిక్స్ వ్యవస్థను ఈ భాషలో తిరిగి వ్రాశారు. పది సంవత్సరాల తరువాత, 1983 జనవరి 1న, అర్పానెట్ అనే నెట్‌వర్క్ టి.సి.పి./ఐ.పి. నియమావళికి మారింది. అదే సంవత్సరం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖ విడుదల చేసిన యూనిక్స్‌లో, నెట్‌వర్క్‌తో మాట్లాడేందుకు 'సాకెట్' అనే ఏర్పాటు ప్రవేశించింది. నేటికీ సర్వర్లు ప్రధానంగా ఆ పద్ధతిలోనే వ్రాయబడుతున్నాయి.

సర్వర్ పని చేసే విధానం

ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పాఠకుడు పుస్తకం సంఖ్యను ఒక పంక్తిలో పంపుతాడు. ఆ పుస్తకం అలమరలో ఉన్నదో, ఎవరికైనా ఇచ్చి ఉన్నారో సర్వర్ తెలియజేస్తుంది. ఇందుకు సర్వర్ వరుసగా కొన్ని పనులు చేయాలి. మొదట 'సాకెట్' అనే పిలుపుతో సంభాషణకు ఒక ద్వారాన్ని సంపాదించాలి. 'బైండ్' అనే పిలుపుతో ఆ ద్వారానికి ఒక సంఖ్య కేటాయించాలి. తపాలా కార్యాలయంలో కౌంటరుకు నంబరు ఉన్నట్లే దీనికీ ఒక నంబరు ఉంటుంది. దానిని పోర్టు అంటారు. 'లిజన్' అనే పిలుపుతో, వచ్చేవారి కోసం ఎదురు చూస్తున్నట్లు ప్రకటించాలి. 'యాక్సెప్ట్' అనే పిలుపు, వచ్చిన ప్రతి క్లయింటుకు ఒక కొత్త సాకెట్‌ను అప్పగిస్తుంది. పాత సాకెట్ మాత్రం తరువాతివారి కోసం అక్కడే వేచి ఉంటుంది. ఇక మిగిలినవి ప్రశ్నను చదవడం, జవాబు వ్రాయడం, సాకెట్‌ను మూసివేయడం. ప్రమాదమంతా ఈ 'చదవడం' అనే దశలోనే పొంచి ఉంటుంది.

పాత్రకు మించిన గింజలు

చదివిన సమాచారాన్ని ఉంచుకోవడానికి ప్రోగ్రాము జ్ఞాపకశక్తిలో, అంటే మెమరీలో, కొంత స్థలాన్ని కేటాయించుకొంటుంది. దీనిని బఫర్ అంటారు. మానికలో కుంచెడు గింజలు పోస్తే పొంగి నేల పాలవుతాయి. ఆ సంగతి అందరికీ కనిపిస్తుంది. సి భాషలో బఫర్ పొంగితే కనిపించదు. అదనపు సమాచారం పక్కనున్న స్థలంలోకి నిశ్శబ్దంగా వెళ్లి, అక్కడ ఉన్నదానిని చెరిపివేస్తుంది. ఒక పని ముగిశాక ప్రోగ్రాము ఎక్కడికి తిరిగి వెళ్లాలో తెలిపే చిరునామా కూడ ఆ సమీపంలోనే ఉండవచ్చు. దానిని మార్చగలిగినవాడు, సర్వర్ చేత తనకు కావలసిన పనినే చేయించగలడు. బఫర్ హద్దులను సి భాష తనంత తానుగా తనిఖీ చేయదు. ఆ బాధ్యతను పూర్తిగా ప్రోగ్రాము రచయితకే వదిలివేస్తుంది.

ఇది కేవలం ఊహ కాదని 1988 నవంబరు 2న ప్రపంచానికి తెలిసివచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిపెట్టిన ఒక ప్రోగ్రాము, తనంత తానుగా ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ప్రాకింది. సుమారు 6,000 కంప్యూటర్లు దీనికి లోనైనట్లు అప్పట్లో అంచనా వేశారు. అది ఎంచుకొన్న మార్గాలలో ఒకటి 'ఫింగర్' అనే చిన్న సర్వర్. యంత్రాన్ని ఎవరు ఉపయోగిస్తున్నారో చెప్పడం దాని పని. ఆ సర్వర్ 512 బైట్ల బఫర్‌లోకి 'గెట్స్' అనే పిలుపుతో ఒక పంక్తిని చదివేది. ఎంత స్థలం ఉన్నదో గెట్స్‌కు చెప్పే వీలే లేదు. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపింది. 24 బైట్ల తేడాతో ఒక యంత్రం పరాధీనమయింది. 2011 నాటి సి ప్రమాణం నుండి గెట్స్‌ను తొలగించారు.

కొలిచి స్వీకరించడం

కాబట్టి చదివే ప్రతి సందర్భంలోను, బఫర్ పరిమాణాన్ని పిలుపుతోపాటు తెలియజేయాలి. పదాల చివర సి భాష ఉంచే సున్నా బైటు కోసం ఒక స్థానాన్ని విడిచిపెట్టాలి. తిరిగి వచ్చిన సంఖ్యను తప్పక పరిశీలించాలి. అది ధన సంఖ్య అయితే అన్ని బైట్లు వచ్చాయని అర్థం. సున్నా అయితే అవతలివారు ముగించారని, మైనస్ 1 అయితే పొరపాటు జరిగిందని అర్థం. ఈ మైనస్ 1ని పట్టించుకోకుండా, ఋణ సంఖ్యలు లేని రకంలోకి మార్చి పొడవుగా వాడితే, అది బ్రహ్మాండమైన సంఖ్యగా మారి అనర్థం కలిగిస్తుంది.

మరొక విషయం గమనించాలి. టి.సి.పి. పద్ధతిలో సమాచారం ప్రవాహంలా వస్తుంది. ఒకేసారి పంపిన పంక్తి రెండు మూడు ముక్కలుగా చేరవచ్చు. పంక్తి ముగింపు గుర్తు కనిపించే వరకు ముక్కలను చేర్చుకొంటూ పోవాలి. నిర్ణీత పరిమితి, ఉదాహరణకు 64 బైట్లు, దాటినా ముగింపు రాకపోతే సంభాషణను నిరాకరించి సాకెట్‌ను మూసివేయాలి.

పరిమితిని అక్షరాలలో కాక బైట్లలో లెక్కించడం అవసరం. భారతీయ భాషలతో పని చేసేవారికి ఇది మరీ ముఖ్యం. 'శ్రీకాకుళం' అనే మాట కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో అది పది సంకేతాలు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 30 బైట్లు. అక్షరానికి ఒక బైటు చాలునని లెక్క వేసినవాని బఫర్, ఏ దురుద్దేశమూ లేని ఒక ఊరి పేరుతోనే పొంగిపోతుంది.

పొడవు సరిపోయినంత మాత్రాన చాలదు. పుస్తకం సంఖ్యలో 0 నుండి 9 వరకు అంకెలు మాత్రమే ఉండాలని నిర్ణయించి, తక్కినవన్నీ తిరస్కరించాలి. నిషిద్ధమైనవాటి పట్టిక కంటె అనుమతించినవాటి పట్టిక క్షేమకరం. అంకెల స్థానంలో రెండు చుక్కలు, వాలుగీత పంపి, సర్వర్ ఇవ్వకూడని ఫైలును అడిగేవారు ఉంటారు. అలాగే, వచ్చిన వాక్యాన్ని 'ప్రింట్ఎఫ్' అనే పిలుపుకు నమూనాగా ఇవ్వరాదు. అందులోని శాతం గుర్తులను ఆ పిలుపు ఆదేశాలుగా భావిస్తుంది.

అధికారం, సమయం

యూనిక్స్‌లో 1024 కంటె తక్కువ సంఖ్యగల పోర్టు కావాలంటే సాధారణంగా 'రూట్' అనే సర్వాధికారి హోదా అవసరం. గ్రంథాలయ సర్వర్‌కు అంతకు పైబడిన సంఖ్యను ఎంచుకొంటే ఆ అధికారంతో పని ఉండదు. తప్పనిసరి అయితే, పోర్టు లభించిన వెంటనే దానిని వదులుకోవాలి. ముందు గుంపు హక్కులను, తరువాత వ్యక్తిగత హక్కులను విడిచిపెట్టాలి. వరుస తారుమారైతే గుంపు హక్కులను వదులుకొనే అధికారం కూడ మిగలదు. విడిచిపెట్టడం నిజంగా జరిగినదీ లేనిదీ పరీక్షించాలి. అప్పుడు సర్వర్ ఎవరి చేతికైనా చిక్కినా కలిగే నష్టం పరిమితంగా ఉంటుంది.

మాట్లాడకుండా కూర్చొనే క్లయింటు కూడ హాని చేయగలడు. ఒక్కరి కోసం ఆగిన సర్వర్, తక్కినవారందరినీ వరుసలో నిలబెడుతుంది. అందువల్ల గడువు, ఏకకాలంలో స్వీకరించే క్లయింట్ల సంఖ్య ముందుగానే నిర్ణయించాలి. అవతలివారు వెళ్లిపోయిన సాకెట్‌లో వ్రాయబోతే యూనిక్స్ ఒక సంకేతం పంపుతుంది. దానికి ముందే ఏర్పాటు చేయకపోతే సర్వర్ అర్ధాంతరంగా ఆగిపోతుంది.

రహస్య రక్షణ

ఇంతవరకు చెప్పిన సర్వర్‌లో సమాచారం బాహాటంగా ప్రయాణిస్తుంది. దారిలో ఉన్న ఏ యంత్రమైనా దానిని చదవవచ్చు. దీనికి పరిష్కారం టి.ఎల్.ఎస్. అనే నియమావళి, దీని 1.3 రూపం 2018లో వెలువడింది. అది సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చడమే కాక, సర్వర్ గుర్తింపును ధ్రువపత్రం ద్వారా రుజువు చేస్తుంది. గూఢలిపిని సొంతంగా కల్పించుకోరాదు. పరీక్షలకు నిలిచిన లైబ్రరీలను వాడాలి. రహస్య తాళపు ఫైలును సర్వర్ తప్ప ఇతరులు చదవలేని విధంగా ఉంచాలి.

అయితే లైబ్రరీలు కూడ మనుషులు వ్రాసినవే. 2014 ఏప్రిల్ 7న 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడింది. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో అది సుమారు రెండేళ్లుగా దాగి ఉన్నది. క్లయింటు కొంత సమాచారం పంపి, దాని పొడవు ఇంత అని చెబుతుంది. సర్వర్ అంత పొడవూ తిరిగి పంపాలి. చెప్పిన పొడవు నిజమేనా అని ఆ లైబ్రరీ చూడలేదు. ఒక్క బైటు పంపి 64 కిలోబైట్ల వరకు అడిగినవారికి, సర్వర్ మెమరీలోని ఇతరుల రహస్యాలు అందాయి. 1988లో హద్దు దాటి వ్రాశారు. 2014లో హద్దు దాటి చదివారు. రెండు సందర్భాలలోను కొలత లోపించింది. అందుచేత లైబ్రరీలను ఎప్పటికప్పుడు నవీకరించాలి. భారతదేశంలో ఇటువంటి హెచ్చరికలను వెలువరించే సెర్ట్-ఇన్ సంస్థ 2004 నుండి పనిచేస్తున్నది.

సర్వర్‌ను ప్రజలకు అందించే ముందు, దానిని వ్రాసినవారే దానిపై దాడి చేసి చూడాలి. ఖాళీ పంక్తి, పదివేల అక్షరాల పంక్తి, సగం పంక్తి పంపి మౌనం - ఇవన్నీ ప్రయత్నించాలి. కంపైలర్ ఇచ్చే ప్రతి హెచ్చరికను సరిదిద్దాలి.

నేడు హద్దులను తామే తనిఖీ చేసే రస్ట్, గో వంటి భాషలు వచ్చాయి. అయినప్పటికీ లినక్స్ కేంద్రభాగం మొదలుకొని అనేక సర్వర్లు సి భాషలోనే నడుస్తున్నాయి. వాటిని చదివి సరిదిద్దగలవారి అవసరం తీరలేదు. పైగా బయటి నుండి వచ్చినదానిని నమ్మకూడదనే నియమం ఏ భాషకైనా వర్తిస్తుంది. అవతలివారు పంపిన ప్రతి బైటును కొలిచి, పరిశీలించి, ఆ తరువాతనే లోనికి అనుమతించే అలవాటు విద్యార్థి దశలోనే అలవడితే, రేపు అతడు వ్రాసే సర్వర్‌ను నమ్ముకొన్న వేలాదిమంది సమాచారం సురక్షితంగా ఉంటుంది.