మనాదికి మందున్నది

బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం

మా అమ్రాబాదు దిక్కు పల్లెల్లో ‘మనాది’ అనే మాట ఉన్నది. రోజూ రచ్చకట్ట మీద నలుగురితో నవ్వే మనిషి ఇంట్లోంచి బయటికి రాడు. కంచం ముందు కూర్చొని రెండు ముద్దలకే లేస్తాడు. పలకరిస్తే ఊఁ కొట్టి ఊరుకుంటాడు. “వానికి మనాది పెట్టుకున్నదిరా” అంటారు పెద్దలు. పుస్తకాల్లో మనోవ్యాధి అని రాసేదానికి మా ఇండ్లల్లో మాట ఇది. అయితే జ్వరమొస్తే అచ్చంపేట ఆసుపత్రికి బస్సెక్కే మనుషులు, మనాదికి మాత్రం “ధైర్యం తెచ్చుకో” అని చెప్పి చేతులు దులుపుకుంటారు.

మావాళ్లు మనాది అనేదాంట్లో మామూలు దుఃఖమూ ఉన్నది, డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బూ ఉన్నది. రెండింటినీ విడదీయడంలోనే చిక్కంతా. పత్తి పోతే దుఃఖం రాదా? పరీక్ష తప్పితే రాదా? వస్తుంది, అది సహజం. కాని దుఃఖంలో ఉన్న మనిషి పండుగకు చెల్లెలు ఇంటికొస్తే కాసేపైనా తేరుకుంటాడు. జబ్బులో ఉన్నవానికి చెల్లెలు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు. మనసంతా దిగులు కమ్ముకోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి చచ్చిపోవడం అన్నవి ముఖ్యమైనవి. ఇవి గాక నిద్ర చెడుతుంది, ఆకలి మారుతుంది, ఒంట్లో సత్తువ ఉండదు, చదివింది తలకెక్కదు. నడక, మాట మందగిస్తాయి, లేదా కాలు నిలవదు. తాను పనికిరానివాడినని, తప్పంతా తనదేనని తోస్తుంది. చావు గురించిన ఆలోచనలు వస్తాయి. ముఖ్యమైన రెండింటిలో ఒకటైనా కలిపి, మొత్తం అయిదు లక్షణాలు రెండు వారాల పాటు దాదాపు రోజంతా ఉంటూ పనికి అడ్డం వస్తే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు.

పల్లెలో ఎవరూ “నాకు డిప్రెషన్ ఉన్నది” అని రారు. “తల నొస్తున్నది, ఒళ్లంతా గుంజుతున్నది, నిద్ర పడతలేదు” అంటారు. ఆరెంపీ ఒక గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు, బలానికో సూది వేస్తాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. తర్వాత తాయెత్తు, సోది, మొక్కులు. సలేశ్వరం లింగమయ్యకు మొక్కుకోవద్దని నేననను, నేనూ మొక్కేవాణ్ణే. దేవుని దగ్గరికి పోయివచ్చి డాక్టరు దగ్గరికీ పోవచ్చు గదా!

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేసింది (మన రాష్ట్రం అందులో లేదు). డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. కాలు విరిగినవాళ్లలో ఇంతమంది కట్టు లేకుండా తిరుగుతుంటే ఊరుకుంటామా?

మా హాస్టలు మిత్రుడొకడున్నాడు. అతన్ని అడిగే ఇది రాస్తున్నాను, పేరు అక్కరలేదు. రసాయన శాస్త్రంలో మా అందరికంటే చురుకైనవాడు. నిరుడు ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ పట్టుకొని నిలబడి, రంగు మారి ఎర్రబడిపోయినా చూడకుండా ఉండేవాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి వరండాలో కూర్చునేవాడు. “నాయిన అప్పు తెచ్చి చదివిస్తుండు, నేను ఇంటికి బరువు” అన్నది ఒక్కటే మాట. ఇద్దరం తోడుపోయి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ముందు రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే కుంగిపోతాడట. పట్టరాని హుషారుతో నిద్ర లేకుండా తిరిగిన రోజులేమైనా ఉన్నాయా అని అడిగింది. అలాంటి రోజులు గనుక ఉంటే అది వేరే జబ్బు, దానికి వేరే మందు. ఇవన్నీ స్నేహితులం మేం అడగగలిగేవి కావు. పది రోజులు మాత్ర మింగితే కడుపులో తిప్పిందే గాని మనసు మారలేదు. మానేస్తానన్నాడు, మేం పడనివ్వలేదు. నాలుగో వారంలో ఒకనాడు మెస్సులో పప్పు నీళ్లలా ఉన్నదని వంటాయన మీద అరిచాడు. మాకెంత సంతోషమయిందో!

మందు ఇంత ఆలస్యంగా ఎందుకు పట్టుతుంది? విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది ఆసక్తికరమైన ప్రశ్న. ఈ మందుల చరిత్ర క్షయ ఆసుపత్రిలో మొదలయింది. 1952లో అమెరికాలో ఇప్రోనియాజిడ్ అనే మందును క్షయ రోగులకిస్తే, వాళ్లలో అనుకోని ఉత్సాహం కనిపించింది. తర్వాత మరికొన్ని మందులొచ్చాయి. 1987లో అమెరికా అనుమతించిన ఫ్లుయాక్సెటిన్ ఇప్పుడు మన దగ్గర చవకగానే దొరుకుతుంది. మెదడు కణాల మధ్య సెరటోనిన్ అనే రసాయనాన్ని ఇది కొన్ని గంటల్లోనే పెంచుతుంది, కాని మనిషి తేరుకోవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అన్న పాత లెక్క చాలదు. కణాలు కొత్తగా అల్లుకోవడానికి కాలం పడుతుందేమోనని ఒక ఆలోచన. మూలం పూర్తిగా తెలియనంత మాత్రాన మందు పనిచేయకపోదు.

క్షయలో జరిగే పొరపాటే ఇక్కడా జరుగుతుంది. కాస్త నయం కాగానే మాత్రలు ఆపేస్తారు. మొదటిసారి జబ్బు చేసినవాళ్లు తేరుకున్న తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. “అలవాటైపోతుంది” అని ఊళ్లో భయపెడతారు, కాని ఇవి నిద్రమాత్రల వంటివి కావు.

మందులే దారి అని కూడా కాదు. జబ్బు తీవ్రత తక్కువైతే మాటల చికిత్స చాలవచ్చు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించింది. ఫలితం బాగున్నదని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మనలాంటి పత్తి రైతుల ప్రాంతం విదర్భ. అక్కడి అమరావతి జిల్లాలో 30 గ్రామాల్లో ఇటువంటి పనే చేస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో చికిత్సకు వచ్చేవాళ్లు 100కు నలుగురి నుంచి 27 మందికి పెరిగారు. అదీ ఏడాదిన్నరలో! మా మండలంలో ఎందుకు చేయకూడదో నాకర్థం కాదు.

అడ్డం పడేది డబ్బొక్కటే కాదు, సిగ్గు కూడా. హైదరాబాదులో ఎవరినైనా వెక్కిరించాలంటే “ఎర్రగడ్డకు పో” అంటారు. మన కాలేజీ క్యాంటీన్‌లోనూ రోజూ వినపడుతుంది. ఆ మాట విన్నవాడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మెట్లెక్కుతాడా? ఇక పల్లెలో ఇంకో భయం, పోలీసు కేసు. ప్రాణం తీసుకోబోయినవాణ్ణి ఆసుపత్రికి తేవడానికే జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. అతన్ని చూసుకోవడం, చికిత్స ఇప్పించడం ప్రభుత్వ బాధ్యత.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులే కారణమని అందరం అన్నాం. ఏ చావుకూ ఒక్కటే కారణం ఉండదు. వాళ్లలో ఎందరు నెలల తరబడి మనాదితో ఉన్నారో ఎవరూ అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. “చచ్చిపోవాలనిపిస్తున్నదా?” అని మెల్లగా, సూటిగా అడిగితే ఎదుటివానికి బరువు దిగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకూడదు. రైతు ఇండ్లల్లో పురుగుమందుల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టాలి. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి ఒక్కొక్కటే ఆపేస్తే, రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది.

ఎక్కడికి పోవాలి? హైదరాబాదుకే పోనక్కరలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎక్కడని అడగాలి. రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడటానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉన్నది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రికి పొద్దున్నే బయలుదేరాలి, పాత మందుచీటీలుంటే వెంట తీసుకుపోవాలి. ఎప్పటి నుంచి నిద్ర లేదో, ఎన్ని కిలోలు తగ్గారో ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చోగానే నోట మాట రాదు. తోడు ఒకరుండాలి.