తూనీగల ఫొటోలకు ఏ లెన్సు? అపోహలు – వాస్తవాలు

తూనీగను ఫొటో తీయాలంటే 1:1 మాక్రో లెన్సు ఉండి తీరాలన్నది అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న అపోహ. 1:1 అంటే వస్తువు ఎంత ఉంటే సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడటం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. వానాకాలంలో మైదానాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ, అంటే పాంటాలా ఫ్లావెసెన్స్, రెక్కలు చాచితే 7 సెంటీమీటర్లు దాటుతుంది. 1:1లో దాని ఒక పక్క రెక్కలతోనే ఫ్రేము నిండిపోతుంది. తూనీగ మొత్తం కనిపించాలంటే 1:3 చాలు. కంటి నిర్మాణమో రెక్క ఈనెలో కావాలన్నప్పుడే 1:1 అక్కరకొస్తుంది.

నిజంగా కావలసింది దూరం. తూనీగ కళ్లు తలను దాదాపు కప్పేసి, ఇంచుమించు అన్ని వైపులా చూస్తుంటాయి. 100 ఎంఎం మాక్రో 1:1లో ఉన్నప్పుడు లెన్సు అంచుకూ పురుగుకూ మధ్య మిగిలేది సుమారు 15 సెంటీమీటర్లే. వివరాల పట్టికలో కనిపించే 30 సెంటీమీటర్ల కనిష్ఠ ఫోకస్ దూరం సెన్సర్ నుంచి కొలిచినది. కొనేవారు తరచూ బోల్తాపడేది ఇక్కడే. టెలిఫొటో పక్షులకే తప్ప పురుగులకు పనికిరాదనే మాటా సరికాదు. కెనాన్ 100–400 ఎంఎం రెండో తరం లెన్సు 98 సెంటీమీటర్ల దాకా దగ్గరగా ఫోకస్ చేసి 0.31 రెట్ల బొమ్మనిస్తుంది. తూనీగకు ఇంతకన్నా అమరిన కొలత ఉండదు.

కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబు నాణ్యతను చెడగొడుతుందని కొందరు భయపడతారు. అందులో గాజే ఉండదు, అది ఒట్టి గొట్టం. కొంత వెలుతురు తగ్గుతుంది, దూరపు వస్తువులు ఫోకస్ కావు, అంతే. అయితే దాని ఫలితం లెన్సును బట్టి మారుతుంది: 25 ఎంఎం ట్యూబు 50 ఎంఎం లెన్సుకు 0.5 రెట్లు కలిపితే, 300 ఎంఎంకు కలిపేది 0.08 మాత్రమే. పొడవైన లెన్సుకు ముందు బిగించే క్లోజప్ లెన్సే మేలు. ప్లస్ 2 డయాప్టర్ క్లోజప్ లెన్సుతో, అనంతానికి ఫోకస్ చేసిన 300 ఎంఎం లెన్సు అర మీటరు దూరం నుంచే 0.6 రెట్ల బొమ్మ ఇస్తుంది. క్లోజప్ లెన్సులన్నీ నాసిరకమన్నది సగం నిజం. ఒకే గాజు ఉన్న చవక రకాల్లో అంచులు మసకబారి రంగులు చిమ్ముతాయి. రెండు గాజులు అతికించిన అక్రోమాట్‌లలో ఆ బాధ చాలా తక్కువ.

ఎపర్చరును ఎఫ్/22 దాకా మూస్తే తల నుంచి తోక దాకా స్పష్టంగా వస్తుందనుకోవడం మరో పొరపాటు. 1:1లో ఎఫ్/16 పెడితే అసలు ప్రభావం ఎఫ్/32 అవుతుంది. అంత చిన్న రంధ్రంలో డిఫ్రాక్షన్ వల్ల, అంటే వెలుతురు చెదరడం వల్ల, బొమ్మంతా మెత్తబడుతుంది. 1:3లో ఎఫ్/11 దగ్గర స్పష్టత లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. కెమెరా వెనుక భాగం తూనీగ దేహానికి సమాంతరంగా ఉండేలా నిలబడితే ఆ కాస్త లోతే సరిపోతుంది. ఈ సర్దుబాటుకు పైసా ఖర్చు లేదు.

మాక్రో అనగానే రింగ్ ఫ్లాష్ కొనేవారున్నారు. దాని వెలుగు నీడల్ని తుడిచేసి పురుగును చదునుగా చూపిస్తుంది, పైగా నిగనిగలాడే కళ్లలో గుండ్రటి వలయం పడుతుంది. మామూలు ఫ్లాష్‌కు పెద్ద డిఫ్యూజర్ తగిలిస్తే ఫలితం ఇంతకన్నా సహజంగా ఉంటుంది.

లెన్సులోని స్టెబిలైజర్ చేతి వణుకును తగ్గిస్తుంది కానీ గాలికి ఊగే గడ్డిపోచను ఆపలేదు. దానికి షట్టర్ వేగమే మందు. ట్రైపాడ్ కాళ్లు చెరువు గట్టున గడ్డిని కదిలించి పురుగును లేపేస్తాయి, మోనోపాడ్ నయం. లేచిపోయిన తూనీగ వెంట పడనక్కర్లేదు. ట్రైథెమిస్ అరోరా లాంటి ఎర్ర తూనీగలు ఒక చక్కర్ కొట్టి తరచూ అదే పుల్ల మీదికి తిరిగొస్తాయి కనుక, ఫోకస్‌ను ముందే ఆ పుల్ల మీద కుదిర్చి ఉంచవచ్చు.