ఆరోగ్య సమాచార వినిమయం – అర్థైక్య సమస్య: గూడెం కొత్తవీధి సందర్భం

1. ప్రవేశిక:
అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో తీవ్రమైన జబ్బు చేసిన వ్యక్తి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి చింతపల్లికి, అక్కడినుంచి పాడేరుకో విశాఖపట్నానికో వెళ్ళవలసి రావచ్చు. అతని వైద్య వివరాలు మాత్రం ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉండిపోతాయి. ఆ వివరాలు ఒక కంప్యూటర్ వ్యవస్థ నుంచి మరొకదానికి చేరి, అక్కడ కూడా అదే అర్థాన్నివ్వడమే ‘పరస్పర వినిమయశీలత’. దీనికి యంత్రాల కంటే ముందు సంస్థల మధ్య ఒడంబడిక అవసరమని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. జాతీయ ఏర్పాటు:
కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి, 2016లో సవరించింది. 2020 ఆగస్టు 15న కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా మొదలైన కార్యక్రమం 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటికీ విస్తరించింది. ఇందులో వ్యక్తికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఉంటుంది. రికార్డులన్నీ ఒకేచోట పోగుపడవు. రోగి సమ్మతించినప్పుడే, ఆ సమ్మతిలోని ప్రయోజనానికీ గడువుకూ లోబడి మరొక ఆసుపత్రికి అందుతాయి. ప్రజారోగ్యం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాకు చెందిన అంశం. కనుక రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు, పరీక్షాకేంద్రాలు కలిసిరానిదే ఈ ఏర్పాటు నెరవేరదు.

3. అర్థైక్యం:
ఈ వినిమయానికి ‘ఫైర్’ ప్రమాణం వ్యాకరణం వంటిది. ‘స్నోమెడ్ సీటీ’ నిఘంటువు వంటిది. రోగి “రక్తం తక్కువ” అన్నా, ఒక వైద్యుడు ‘రక్తహీనత’ అని, మరొకరు ‘అనీమియా’ అని రాసినా ఆ భావనకు స్నోమెడ్‌లో సంకేతసంఖ్య ఒక్కటే.

గిరిజన ప్రాంతాలలో దీని ప్రాధాన్యం సికిల్‌సెల్ వ్యాధి విషయంలో స్పష్టమవుతుంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. తొలిదశలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష వ్యాధిగ్రస్తునికీ, వాహకునికీ కూడా ‘పాజిటివ్’ చూపుతుంది. ఆ ఇద్దరినీ వేరుచేసేది ఎలక్ట్రోఫోరిసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. ఏ పరీక్షో తెలుపకుండా ‘పాజిటివ్’ అన్న మాట ఒక్కటే పెద్దాసుపత్రికి చేరితే, సమాచారం అందినట్లే గాని అర్థం అందినట్లు కాదు. నిరంతర చికిత్స అవసరమైనవారిని వాహకులుగా, సాధారణంగా చికిత్స అక్కరలేని వాహకులను రోగులుగా భావించే ప్రమాదం ఉంది.

4. పేరు, సమ్మతి:
ఒకే వ్యక్తి పేరును రోమన్ లిపిలో రెండుచోట్ల రెండు విధాలుగా రాస్తే, యంత్రం దృష్టిలో ఒకరే ఇద్దరవుతారు. కువి, ఆదివాసీ ఒడియా వంటివి మాతృభాషలుగా గలవారికి సమ్మతి అంటే ఏమిటో వారి భాషలోనే చెప్పాలి. ఫోనుకు వచ్చిన అంకెలను అర్థం తెలియకుండా మరొకరికి చదివి వినిపించడం సమ్మతి అనిపించుకోదు.

5. ముగింపు:
జాతీయ సహకారమంటే కేవలం వ్యవస్థలను కలపడం కాదు. పదానికి అర్థం, వ్యక్తికి గుర్తింపు, సమ్మతికి విలువ అంతటా ఒకేవిధంగా నిలిచేటట్లు అంగీకరించడం. ఆ అంగీకారం చివరి గూడెం దాకా అమలైనప్పుడే దానికి సార్థకత.