జీవన ధ్రువీకరణ వేళ మొరాయించే యూఎస్‌బీ పోర్టు: లోపం ఎక్కడుందో గుర్తించడం ఎలా?

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోనూ, దాని చుట్టుపక్కల పేటల్లోనూ నవంబరు నెల పింఛనుదారులది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపు పనులకు, బండ్ల మీది ఉద్యోగాలకు ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పదవీ విరమణ పొందినవారు ఎందరో ఉన్నారు. వారు ఏటా తాము జీవించి ఉన్నట్లు ధ్రువీకరణ సమర్పించాలి. 2014 నవంబరులో ప్రారంభమైన ‘జీవన్ ప్రమాణ్’ విధానంలో ఇది వేలిముద్రతో ముగిసే పని. ఆ వేలిముద్ర యంత్రం సాధారణంగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకే తగిలించి ఉంటుంది. పోర్టు ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే వరుసలో కూర్చున్న వృద్ధులు వెనక్కి వెళ్లవలసిందే. గడువు దాటితే పింఛను నిలిచిపోతుంది. ధ్రువీకరణ అందాక బకాయితో సహా తిరిగి మొదలైనా, ఆ మధ్యకాలంలో మందుల ఖర్చు ఆగదు.

ఇటువంటి సమయంలో చాలామంది తొందరపడి పోర్టు కాలిపోయిందని నిర్ణయించేస్తారు. నిజానికి తప్పు మూడు చోట్ల ఉండవచ్చు: తగిలించిన పరికరంలో, ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో, లేదా పోర్టులో. ఈ మూడింటినీ విడదీసి చూడడమే మొదటి పని. అందుకు ఇంట్లో ఉండే మౌసు ఒక్కటి చాలు. వేలిముద్ర యంత్రం పనిచేయని పోర్టులో మౌసు పనిచేస్తే పోర్టు నిక్షేపంగా ఉన్నట్లే. అప్పుడు చూడవలసింది యంత్రపు కేబులును, దాని డ్రైవరును, దానితోపాటు వచ్చే ‘ఆర్‌డీ సర్వీస్’ అనే సాఫ్ట్‌వేర్‌ను. ఆ సర్వీసు ఆగిపోయినా తెరపై కనిపించేది యంత్రం దొరకలేదన్న సందేశమే కాబట్టి నింద పోర్టు మీద పడుతుంది.

మౌసు పనిచేసి పెన్‌డ్రైవ్ మాత్రమే కనిపించకపోతే అది వేరే సంగతి. కార్యాలయాలు, బ్యాంకులు ఇచ్చే ల్యాప్‌టాప్‌లలో సమాచార భద్రత కోసం పెన్‌డ్రైవ్‌లను కావాలనే నిరోధిస్తారు. అది లోపం కాదు. దాన్ని తప్పించుకునే దారులు వెదకడం ఉద్యోగానికే ముప్పు తెస్తుంది.

యూఎస్‌బీ ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఏడు సంస్థలు కలిసి రూపొందించిన ఈ ప్రమాణం వెనుక ఇంటెల్ బృందానికి నాయకత్వం వహించినవారు వడోదరలో పుట్టి పెరిగిన అజయ్ భట్. సాధారణ పోర్టు లోపల నాలుగు స్పర్శ పలకలుంటాయి. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. వేగవంతమైన యూఎస్‌బీ 3 పోర్టులలో మరో ఐదు చేరతాయి. ఈ నిర్మాణం తెలిస్తే లక్షణాన్ని బట్టి రోగాన్ని ఊహించవచ్చు. యంత్రంలో దీపం వెలుగుతున్నా కంప్యూటరు గుర్తించకపోతే విద్యుత్తు అందుతోంది, సమాచారం అందడం లేదు. దీపమే వెలగకపోతే విద్యుత్తే అందడం లేదు.

విద్యుత్తు ఆగడానికి తరచుగా కనిపించే కారణం అధిక భారం. యూఎస్‌బీ 2 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇచ్చేలా ప్రమాణం నిర్దేశిస్తుంది. ఒక్క పోర్టుకు చవకైన హబ్ తగిలించి, దానికి వేలిముద్ర యంత్రం, హార్డ్‌డిస్కు, ఛార్జింగు కోసం ఫోను కలిపితే ఆ పరిమితి సులువుగా దాటిపోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లోని రక్షణ వలయం ఆ పోర్టుకు విద్యుత్తు నిలిపివేస్తుంది. ఇది ఇంట్లో ఫ్యూజు చేసే పనే. తేడా ఏమిటంటే చాలా యంత్రాల్లో ఇది తనంతట తానే కోలుకుంటుంది. అన్నిటినీ పీకివేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, కొంతసేపటి తరువాత మళ్లీ ప్రయత్నించాలి.

ఇక్కడ ‘పూర్తిగా ఆపడం’ అన్న మాటను పట్టించుకోవాలి. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే సదుపాయం ఉంది. అది అమలులో ఉంటే షట్‌డౌన్ చేసినా వ్యవస్థ పాత స్థితిని డిస్కులో దాచుకుని, మరునాడు దాన్నే తిరిగి తెస్తుంది. నిన్నటి చిక్కు ఈరోజుకూ అలాగే మిగులుతుంది. అందుకే ‘రీస్టార్ట్’ ఎంచుకోవాలి, లేదా షిఫ్ట్ మీట నొక్కి పట్టి షట్‌డౌన్ చేయాలి. ఆ తరువాత ఛార్జరు తీసివేసి, పవర్ మీటను 30 సెకన్ల పాటు నొక్కి ఉంచితే చాలా మోడళ్లలో మిగిలిన విద్యుదావేశం పోయి, పోర్టులను నడిపే భాగాలు కొత్తగా మొదలవుతాయి. ఆశ్చర్యంగా తోచినా, ఎక్కువ సందర్భాల్లో వైద్యం ఇక్కడితోనే పూర్తవుతుంది.

అయినా ఫలితం లేకపోతే స్టార్ట్ బటన్‌పై కుడి క్లిక్ చేసి ‘డివైస్ మేనేజర్’ తెరవాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినా, ఖరగ్‌పూర్‌లో కంప్యూటర్ల తెరలు మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లిషే కాబట్టి ఈ పేర్లు గుర్తుంచుకోక తప్పదు. అందులో ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ అన్న వరుస ఉంటుంది. దాని కింద పసుపు గుర్తున్న అంశంపై కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని మళ్లీ తానే అమర్చుకుంటుంది. ‘రూట్ హబ్’ లక్షణాలలో ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబ్ కనిపిస్తే, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపే అనుమతిపై ఉన్న టిక్కును తీసివేయాలి. కాసేపు వాడకుండా ఉంచితే వేలిముద్ర యంత్రం నిద్రపోతోందన్న ఫిర్యాదుకు ఇది మంచి మందు. డ్రైవర్లు కావలసివస్తే ల్యాప్‌టాప్ తయారీ సంస్థ వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. ఉచితంగా డ్రైవర్లు సరిచేస్తామనే ప్రకటనలను నమ్మి ఏదో ఒకటి దించుకుంటే, పదిమంది పింఛనుదారుల ఆధార్ వివరాలు నమోదయ్యే యంత్రంలోకి దొంగను పిలిచినట్లే.

సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అన్న సందేహం తీర్చే పరీక్ష ఒకటుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు విండోస్ రాకముందే బయాస్ తెరలోకి వెళ్లి, బయటి యూఎస్‌బీ కీబోర్డును ఆ పోర్టుకు తగిలించాలి. అక్కడ బాణపు మీటలు పనిచేస్తే పోర్టు బాగుంది, తప్పు విండోస్‌ది. అక్కడా పనిచేయకపోతే మరమ్మతుదారుని వద్దకు వెళ్లవలసిందే.

వెళ్లేముందు టార్చి వెలుగులో పోర్టు లోపలికి చూడడం మంచిది. మధ్యనుండే ప్లాస్టిక్ నాలుక విరిగిందా, పలకలు వంగాయా, పచ్చని తుప్పు పట్టిందా గమనించాలి. వానాకాలపు తేమకు, దుమ్ముకు స్పర్శ పలకలు చెడడం వింత కాదు. ధూళి ఉంటే యంత్రాన్ని ఆపి, మెత్తని పొడి బ్రష్‌తో తుడవవచ్చు. పిన్నీసు, సూది లోపల పెట్టకూడదు. రెండు పలకలను కలిపితే షార్ట్ అయి, ఉన్నది కాస్తా పోతుంది. వేసవిలో కాలబైశాఖి ఉరుములప్పుడు ఛార్జరును గోడ నుంచి తీసివేయడం కూడా అలవాటు చేసుకోవాలి.

మరమ్మతు దుకాణంలో ఒక ప్రశ్న అడగడం మరవరాదు: చెడిన పోర్టు మదర్‌బోర్డుపై ఉందా, విడి చిన్న బోర్డుపై ఉందా? అనేక ల్యాప్‌టాప్‌లలో ఒక వైపు పోర్టులు విడి బోర్డు మీద ఉండి, రిబ్బన్ కేబులుతో కలుస్తాయి. ఒక వైపువన్నీ ఒకేసారి ఆగిపోతే అనుమానించవలసింది ఆ కేబులునూ, ఆ చిన్న బోర్డునూ. వాటిని మార్చడానికి మదర్‌బోర్డు మార్చవలసిన పని లేదు. యంత్రం అప్పగించేలోగా ముఖ్యమైన ఫైళ్లను వై-ఫై ద్వారా మరోచోటికి చేర్చుకోవాలి. టైప్-సి పోర్టు బాగుంటే దానికి చిన్న అడాప్టరు తగిలించి ఆనాటి పని గడుపుకోవచ్చు.

గడువు ముంచుకొచ్చి పోర్టు బాగుపడకపోతే పింఛనుదారులకు మరో దారి ఉంది. 2021 నవంబరు నుంచి ముఖ గుర్తింపుతోనూ జీవన్ ప్రమాణ్ సమర్పించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో ‘జీవన్ ప్రమాణ్’, ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ యాప్‌లు ఉంటే వేలిముద్ర యంత్రం, ల్యాప్‌టాప్ రెండూ అవసరం లేదు. ఏళ్ల తరబడి వర్క్‌షాపులో పనిచేసి వేలి రేఖలు అరిగిపోయినవారికి పోర్టు బాగున్నా ఇదే సులువు. నడవలేని స్థితిలో ఉన్నవారు ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సిబ్బందిని ఇంటికే రప్పించుకోవచ్చు. 80 ఏళ్లు నిండినవారు నవంబరు వరకు ఆగకుండా అక్టోబరు 1 నుంచే ధ్రువీకరణ ఇవ్వవచ్చు.