మిరప మొక్కకు శత్రువు వచ్చాడని ఎలా తెలుస్తుంది?



దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ పిల్లలు మిరప చేలో మచ్చలు పడ్డ ఆకును చూపించి, "దీనికేమైంది?" అని అడిగే ఉంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు స్కూలు ఫీజు ఆ చేలోంచే రావాలి. కాబట్టి ఆ ప్రశ్నకు సరైన జవాబు చెబుదాం.

మన రక్తంలో తెల్ల కణాలు తిరుగుతూ సూక్ష్మజీవులను పట్టుకుంటాయి. మొక్కకు అలా తిరిగే కాపలా లేదు. ఏ కణం కాపలా ఆ కణమే కాసుకోవాలి.

మొదటి కాపలా కణం బయటి పొరలో ఉంటుంది. అక్కడి గ్రాహక ప్రోటీన్లు శిలీంధ్రం గోడలోని కైటిన్ ముక్కలను గుర్తుపడతాయి. మనం ఒలిచి పారేసే రొయ్య పెంకులో ఉండేదీ కైటినే. మొక్కలో అది ఉండదు కనుక, తగిలిందంటే బయటివాడు వచ్చినట్టే. వెంటనే కణం తన గోడను గట్టి చేసుకుంటుంది, కైటిన్‌ను కోసే ఎంజైములను తయారు చేస్తుంది.

ఆకుమచ్చ తెగులు తెచ్చే జాంథోమోనాస్ బ్యాక్టీరియా ఈ కాపలాను దాటడానికి తన ప్రోటీన్లను కణం లోపలికి ఎక్కిస్తుంది. కొన్ని మిరప రకాల్లో బీఎస్2 అనే జన్యువు ఉంటుంది. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ ఆ దొంగ ప్రోటీన్లలో ఒకదాన్ని పసిగడుతుంది. అప్పుడు అక్కడి కణాలు తమంతట తామే చనిపోయి తెగులును ఆపుతాయి. గడ్డివాముకు నిప్పంటుకుంటే పక్క పాక కప్పు లాగేస్తారే, అలాగన్నమాట.

ఆ తర్వాత మిగతా ఆకులకు హెచ్చరిక వెళుతుంది. ఇందులో సాలిసిలిక్ ఆమ్లానిది ముఖ్య పాత్ర. ఆస్పిరిన్ దీనికి దగ్గరి చుట్టం. 1979లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కిస్తే, మొజాయిక్ వైరస్ మచ్చలు బాగా తగ్గాయి. అలాగని చేలో ఆస్పిరిన్ చల్లమని కాదు!

సూక్ష్మజీవి తన ప్రోటీన్‌ను మార్చుకుంటే పాత జన్యువు దాన్ని పోల్చుకోలేదు. జెమిని వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను ఆపాలి, తట్టుకునే విత్తనం వేయాలి. అందుకే గుంటూరు పక్కన లాం ఉద్యాన పరిశోధన స్థానం వంటి చోట్ల కొత్త రకాల కోసం వెతుకులాట ఆగదు.

ఇంట్లో చేయండి: కుండీలోని మిరప ఆకును భూతద్దంతో చూపించి, మచ్చ ఎంతవరకు పాకిందో వారం పాటు బొమ్మ గీయించండి. ఆగిందా, పెరిగిందా అన్నది పిల్లలే తేల్చాలి. మందు కొట్టిన చేలోకి మాత్రం వాళ్లను పంపకండి.