ఆటలో ఆలస్యము



దీపములు వెలిగిన పిమ్మట మన యిండ్లలో వినబడు కేక యొకటి మీకందరకును పరిచితమే. మనుమడు మొబైలు చేత బట్టి దూరదేశపు పిల్లలతో నాడుచుండును. ఇంతలో తెరమీది బొమ్మ చటుక్కున నిలిచి, మరుక్షణమున నాలుగడుగుల యవతల ప్రత్యక్షమగును. "ల్యాగు, ల్యాగు" అని వాడు తల బాదుకొనును. ఓడినవాడు చెప్పు సాకని మనము నవ్వుదుము. నేనును రెండేండ్లు అట్లే నవ్వితిని. ఒకనాడు మావాడు కన్నీరు పెట్టుకొని, "తాతా, నేను ముందుగాలనే ఒత్తిన, ఆడికి పోయేసరికి లేటయింది" అనెను. ముప్పది యేండ్లు పిల్లల సాకులు వినిన నాకు ఆ మాట సాకుగా తోచలేదు. విచారించి చూడగా అది అక్షరాల నిజము. (పందెమొడ్డి యాడు ఆటల మాట నేనెత్తుట లేదు. వానిని 2025 ఆగష్టులో పార్లమెంటు చట్టముచే నిషేధించినది.)

నారాయణపేటలో మగ్గము నెఱుగనివారు లేరు. నేతగాడు త్రాడు లాగగా నాడె పడుగు నడుమ నీయంచునుండి యాయంచునకు పోయి మరల వచ్చును. ఈ యాటయు నట్టిదే. పిల్లవాడు తెరపై వ్రేలు మోపగనే ఆ వార్త చిన్న మూటగా గట్టబడి సర్వరను పెద్ద కంప్యూటరునకు పోవును. ఎవడు ముందు కొట్టెను, ఎవనికి దగిలెను అను తీర్పు జరుగునది అక్కడ. ఆ తీర్పు తిరిగి యింటికి వచ్చును. ఈ పోయివచ్చు కాలమునే పింగందురు. 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మూస్ అను నతడు దీనిని గొలుచు చిన్న సాధనమును వ్రాసెను. నీటిలోనికి ధ్వనిని పంపి, ప్రతిధ్వనినిబట్టి దూరము కనుగొను యంత్రము చేయు చప్పుడే దానికి పేరైనది. కొలత మిల్లీసెకన్లలో నుండును. అవి వేయి కలిసిన నొక సెకను. వాలరెంటను ఆటలో సర్వరు సెకనుకు 128 మారులు లెక్క చూచును. మనవాని వార్త చేరుటకు పదవవంతు సెకను పట్టెనా, అంతలో పండ్రెండు లెక్కలు గడచిపోవును.

నాడె నెమ్మదిగా నడచినను, ఒకే తీరున నడచిన గుడ్డ కుదురుగా వచ్చును. ఒకమారు దూకి, ఒకమారు చిక్కుకొనినచో నేత చెడును. పింగు ఎల్లప్పుడును 60 ఉన్న ఆట సాగును. 20 ఉండి, నడుమనడుమ 300కు ఎగిరినచో సాగదు. ఈ యెగుడుదిగుడునకు జిట్టరని పేరు. కొన్ని మూటలు దారిలోనే నశించుటయు గలదు. అది పేకపోగు తెగినట్లు.

ఇక నా తెలివితక్కువ పని చెప్పెదను. మా యింటికి ఫైబరు తీగ వేసినవాడు, "సారూ, ప్లాను పెంచుకోండ్రి, అంతా సాఫైతది" అనెను. 40 మెగాబిట్లను 100కు పెంచితిని. నెలసరి రుసుము పెరిగినది గాని ల్యాగు తగ్గలేదు. మెగాబిట్లనగా బాట వెడల్పు. పింగనగా బండి పోయివచ్చు కాలము. ఆట పంపు మూటలు మిక్కిలి చిన్నవి. వానికి సాధారణముగా సెకనుకు ఒక మెగాబిట్టు లోపలనే చాలును. ఒంటెద్దు బండి యొకటి పోవుటకు బాటను రెండింతలు చేసిన ఎద్దు పరుగెత్తునా?

దూరమునకు మాత్రము మందు లేదు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. కావున వేయి కిలోమీటర్లు పోయివచ్చుటకు పది మిల్లీసెకన్లు తప్పవు. హైదరాబాదునుండి సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు. లెక్కకు 33 మిల్లీసెకన్లు. దారి వంకరలును, మజిలీలును గలిసి నిజమునకు అంతకు చాల హెచ్చు. ముంబయి యందులో నాలుగవవంతు దూరమైనను లేదు. మావాడు ఎవరో స్నేహితుల కొఱకు ఆటలోని సర్వరు స్థానమును సింగపూరుగా మార్చుకొని మరచిపోయెనట. దానిని ముంబయికి మార్పించితిని. సగము బాధ తీరెను.

మిగిలిన సగము రాత్రి ఎనిమిది గంటలకు మాత్రమే వచ్చుచుండెను. కారణము మా కోడలి ఫోను. ఆమె పనినుండి రాగనే అది వైఫైకి తగులుకొని, ఆనాటి ఫోటోలను, వీడియోలను తనంతట తానే పైకెక్కించుచుండెను. కందుల కాలమున మార్కెట్టు యార్డు గేటుకడ మీరు చూచినదే యిది. నలువది ట్రాక్టర్లు వరుస దీరినచో, ఉత్తరము పట్టుకొని వచ్చిన సైకిలువాడును వాని వెనుక నిలువవలసినదే. రౌటరు ఎవరిని వెనుకకు పంపక వరుసను పెంచుకొనుచు పోవును. జిమ్ గెటీస్ అను నతడు 2010లో తన యింటనే దీనిని గమనించి బఫర్‌బ్లోటని పేరిడెను. కాథ్లీన్ నికొల్సు, వాన్ జేకబ్సన్ అనువారు 2012లో వరుసను పొట్టిగా నుంచు ఉపాయమును ప్రకటించిరి. కొన్ని రౌటర్లలో ఎస్‌క్యూఎం అను పేర నట్టి యేర్పాటు గలదు. మాదానిలో లేదు. కావున ఫోటోల యెక్కింపును ఆ వేళ ఆపించితిమి. పూనాకు, ముంబయికి వలసపోయిన బిడ్డలతో వీడియోలో మాటలాడునప్పుడు ముఖము నిలిచి మాట తెగుటయు తరచుగా నీ వరుసవలననే. కావున ఆట యెఱుగని యింటికిని ఇది పనికివచ్చును.

దోషమెక్కడనో తెలియుటకు ఇంటినుండి బయటికి నడువవలెను. మొదట కంప్యూటరునుండి మన రౌటరునకే పింగు పంపి చూడుడు. తీగతో గలిపిన రెండు మూడు మిల్లీసెకన్లకు మించరాదు. అక్కడనే ఎగుడుదిగుడున్నచో తప్పు ఇంటిలోనిదే, బయటివారిని దూఱి లాభము లేదు. మా రౌటరు ఇనుపబీరువా వెనుక నుండెను. నడుమ అడుగున్నర రాతిగోడ. వైఫైలో 2.4 గిగాహెర్ట్జులది దూరము పోవును గాని, ఇరుగుపొరుగు రౌటర్లన్నియు నందే గుమిగూడును. 5 గిగాహెర్ట్జులది నిర్మలము గాని గోడకు జంకును. అన్నిటికంటె రెండువందల రూపాయల తీగ మేలు.

రౌటరు వఱకు బాగుండి అవతల చెడినచో తీగను చూడుడు. ఫైబరు గాజు. తలుపు సందున నలిగినను, మేకుకు మడిచి కట్టినను వెలుగు కారిపోవును. పెట్టెమీద ఎల్‌ఓఎస్ అను దీపము ఎఱ్ఱగా వెలిగినచో వెలుగు చేరుట లేదని యర్థము. తీగయు బాగుండి, తెల్లవారుజామున చక్కగ నడచి రాత్రి తొమ్మిదికి చెడుచున్నచో రద్దీ కనెక్షను ఇచ్చినవాని యొద్దనే. మొబైలు టవరునకును ఇదే న్యాయము. ఊరంతయు నొక్క టవరునే పంచుకొనును గదా. అప్పుడు వారము దినములు గంటయు, పింగును వ్రాసి యుంచి ఆ కాగితముతో ఫిర్యాదు చేయుడు. "నెట్టు సరిగా లేదు" అన్న మాటను ఎవరును లెక్కచేయరు.

2024 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము టీ-ఫైబరును మొదట పరీక్షగా నడపిన గ్రామములలో మన జిల్లాలోని మద్దూరు ఒకటి. గాజుతీగ ఊరూర వచ్చుచున్న దినములివి. తీగ వేయువాడు ఇంటికి వచ్చినప్పుడు పెట్టె నెక్కడ పెట్టవలెనో మీరే చూపింపుడు.

మా పెట్టె ఇప్పుడు నడవలో, చిన్న బ్యాటరీపై నున్నది, కరెంటు పోయినను నడచును. ప్లానును మరల 40కే దించితిని. పింగు 35 చూపుచున్నది. మావాడు నిన్న రాత్రి కూడ ఓడెను. ల్యాగని మాత్రము అనలేదు.