యంత్రం తప్పించిన పేర్లు, సంఘం ఏర్పరచుకున్న ఏడుగురు

ఆదిమ సంఘంలో విశ్వాసుల మధ్య సణుగు పుట్టింది భోజనం పంపకం దగ్గర. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరిస్తే ఆ సంగతి కనబడుతుంది. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు అందడం లేదు. ఎవరో పగబట్టి ఆపారని లూకా రాయలేదు. శిష్యుల సంఖ్య పెరిగింది, పని పెరిగింది, కొందరి పేర్లు తప్పిపోయాయి. అంతే.

కృత్రిమ మేధ గురించి, వాడుకలో ఏఐ అంటున్నదాని గురించి, రాయమని పాఠకులు అడిగినప్పుడల్లా మాకు ఈ అధ్యాయమే గుర్తుకొస్తుంది. ఎందుకో చెబుతాం.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వాహనాలు, భూములు, కరెంటు కనెక్షన్లు వంటి వివరాలు వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గర ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఏ మనిషికి ఏముందో ఈ వ్యవస్థ చెబుతుంది. రేషన్ కార్డుల ఏరివేతలోనూ దీన్ని వాడారు. కారు ఉన్న ఇంటికి కార్డు ఉండకూడదు. మరి సైకిల్ రిక్షా తొక్కి బతికిన మనిషినీ, కారున్న మరొకరినీ యంత్రం ఒక్కరే అనుకుంటే? అలా కార్డు పోయిన ఒక కుటుంబం సంగతి 2024లో వార్తల్లో వచ్చింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నీ తప్పుగా రద్దయ్యాయని మేము అనడం లేదు. తప్పుగా పోయినవి ఏవో తెలుసుకోవడానికి మనుషులు గడప గడపకూ వెళ్లాల్సి వచ్చిందంటున్నాం.

యంత్రం ఎందుకు పొరబడుతుందో కాపరులకు తేలికగానే అర్థమవుతుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా దగ్గరదగ్గరగా కలిస్తే ఇద్దరినీ ఒకరే అనుకుంటుంది. ఒక్క ఊళ్లో నలుగురు మరియమ్మలుంటారు. ఇంటిపేరును ఇంగ్లీషులో ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో మరొకలా రాస్తారు. ఇక మనవాళ్లలో ఎందరికో సంఘ పుస్తకంలో ఒక పేరు, సర్టిఫికెట్లో వేరొక పేరు. దాని వెనుక కారణాలు మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఈ సంగతులేవీ తెలియని బల్ల దగ్గర కూర్చుని ఆ లెక్క రాస్తే, తప్పిపోయేది ఎవరి పేరో ముందే చెప్పవచ్చు.

తప్పెవరిదని అడగండి. కంప్యూటర్ చూపించిందే చేశామని అధికారి అంటారు. అడిగినదే రాశానని ఇంజినీరు అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అని పేరుపడ్డ పథకం ఇంకా బాధాకరమైనది. రెండు వారాలకోసారి చూడాల్సిన ఆదాయాన్ని ఏడాది మొత్తం మీద సగటు కట్టి, తేడా వచ్చినవారు ప్రభుత్వానికి బాకీ ఉన్నారని యంత్రంతో నోటీసులు పంపారు. పంపినవారు పేదలు, ఉద్యోగాలు నిలకడగా లేనివారి మీదికే పంపారు. ఈ పద్ధతి చట్టానికి నిలవదని 2014లోనే ఒక శాఖలోని న్యాయ సలహాదారులు రాసి ఇచ్చారు. అయినా పథకం నడిచింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ నివేదిక వచ్చాక లోకానికి అంతా తెలిసింది. సత్యం తెలిసినవారు లోపల ఉన్నారు. వారి మాట నిలబెట్టే బలం మాత్రం వారి వెనుక లేకపోయింది.

అందుకే వృత్తి సహవాసం అవసరం. వైద్యులకూ న్యాయవాదులకూ యజమాని కంటే పైన ఒక కట్టుబాటు ఉంటుంది, తప్పితే విచారించే సంస్థ ఉంటుంది. 2009 జనవరిలో హైదరాబాదులో సత్యం కంపెనీ దొంగలెక్కలు బయటపడ్డాక, వాటిపై సంతకం చేసిన ఆడిటర్ల మీద చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ క్రమశిక్షణ చర్య తీసుకుంది. లక్షల ఇళ్ల అన్నం మీద ప్రభావం చూపే ప్రోగ్రాము రాసినవారికి అలాంటి సంస్థ ఏదీ? 2000లో అమెరికాలో మొదలైన ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం 2024 నుంచి ఏఐ పాలన మీద పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తోంది. 2023లో మన దేశంలో వచ్చిన డేటా పరిరక్షణ చట్టం, ప్రభుత్వం ముఖ్యమైనవిగా గుర్తించిన సంస్థలు డేటా పరిరక్షణ అధికారినీ స్వతంత్ర ఆడిటర్‌నూ నియమించుకోవాలంటోంది. మంచిదే. కానీ ఆ కుర్చీలో కూర్చునే మనిషికి జీతమిచ్చేది ఆ సంస్థే. ‘ఇది వద్దు’ అనాల్సిన రోజున ఒంటరిగా అనలేరు. నిర్గమకాండములో ఫరో ఆజ్ఞను కాదన్న మంత్రసానులు కూడా ఇద్దరు కదా!

రోములో 2020 ఫిబ్రవరి 28న పోప్ అకాడమీ ఒకటి ఏఐ నీతి మీద ఒక పిలుపు పత్రం తయారుచేస్తే మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంతకాలు చేశాయి. 2024లో ఆంగ్లికన్ సంఘం పక్షాన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కూడా చేశారు. సంతకాలు గౌరవనీయమైనవే. అయితే తప్పిపోయిన పేరును వెతికేది ఆఫీసులో రోజూ కూర్చునే మనిషి.

మళ్లీ 6వ అధ్యాయానికి వద్దాం. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానం ఉండాలన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. పేరు గ్రీకుదైనంత మాత్రాన మనిషి గ్రీకు భాషవాడే అని రుజువు కాదు గాని, ఎవరికి అన్యాయం జరిగిందో వారి పక్షపువారికే పంపకం అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహించారు. ఏఐ పాలనలో ఈ రోజు అందరికంటే తక్కువగా కనబడుతున్నది ఈ సంగతే. ఇంజినీరు, న్యాయవాది, ఆడిటర్ ఒక చోట కూర్చుంటున్నారు. కార్డు పోయిన విధవరాలి భాష తెలిసినవారు ఆ బల్ల దగ్గర లేరు.

మన సంఘాల్లో ఉన్నారు. మాదాపూర్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో ఈ పనే చేస్తున్న యౌవనస్తుల తల్లులు మన ఊళ్ల మందిరాల్లో చాపల మీద కూర్చుని ప్రార్థిస్తున్నారు. ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచి మేము, మా వంటి కాపరులు, మృగపు సంఖ్య గురించి ఎన్నో ప్రసంగాలు చేశాం. నీవు ఆఫీసులో చేసే పని ఏమిటి బాబూ, అది ఎవరి ఇంటి మీద పడుతుంది అని ఒక్క కుర్రవాణ్ణీ కూర్చోబెట్టి అడగలేదు.

డయాసిస్ స్థాయిలోనైనా, నాలుగైదు సంఘాలు కలిసి అయినా, సాఫ్ట్‌వేర్, న్యాయం, ఆడిట్, తహసీల్దారు కార్యాలయం, వీటిలో పనిచేసే విశ్వాసులను నెలకోసారి కూర్చోబెట్టండి. పాటలు, ప్రసంగం ఆ రోజుకు చిన్నవిగా ఉన్నా పరవాలేదు. రద్దు చేసే ముందు నోటీసు వెళ్తోందా, అప్పీలు వినే మనిషి ఉన్నాడా, మన పేర్లతో పరీక్షించి చూశారా అని ఎవరి ఆఫీసులో వారు అడగడం అక్కడ నేర్చుకోవచ్చు. అడిగినందుకు ఉద్యోగం పోయిన తమ్ముడి ఇంటి అద్దె ఎవరు కడతారో కూడా అక్కడే తేల్చుకోవాలి. లేకపోతే ఎవరూ అడగరు. కార్డు పోయిన ఇంటివారు సంఘంలో ఉంటే, వారి కాగితాలు తీసుకుని మొదటి కూటానికే రమ్మనండి.